గెల్డింగ్ అంటే ఏమిటి, ఆ మాట ఎక్కడిది: తరచుగా అడిగే ప్రశ్నలు

మలక్‌పేట రేసుకోర్సుకు కొత్తగా వెళ్లినవాళ్లు, గుర్రపుస్వారీ నేర్చుకుంటున్నవాళ్లు, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదం చేసేవాళ్లు తిప్పి తిప్పి అడిగే సందేహాలు దాదాపు ఒకటే. వాటన్నిటినీ ఇక్కడ ఒకచోట చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ముందుగా అర్థం

గెల్డింగ్ అనేది గుర్రాల్లో ఒక జాతా?

కాదు. వృషణాలు తీసేసిన మగ గుర్రాన్ని గెల్డింగ్ అంటారు. అది థరోబ్రెడ్ కావచ్చు, మార్వాడీ కావచ్చు, కఠియావాడీ కావచ్చు, అరబ్బీ కావచ్చు. గాడిదలకూ, కంచర గాడిదలకూ కూడా ఈ మాటే వాడతారు. మగ కంచర గాడిదకు ఎలాగూ పిల్లలు పుట్టవు కదా, దానికెందుకు అనిపిస్తుంది. పిల్లలు పుట్టకపోయినా మగ హార్మోను మాత్రం తయారవుతూనే ఉంటుంది, దానితోపాటు కొరకడం, తన్నడం, ఆడవాటి వెంట పడటం ఉంటాయి. అందుకే వాటికీ చేయిస్తారు.

కోల్ట్, స్టాలియన్, గెల్డింగ్... మగ గుర్రానికి ఇన్ని పేర్లెందుకు?

వయసును బట్టి ఒక పేరు, పనిని బట్టి ఒక పేరు. విత్తు కొట్టని, అంటే వృషణాలు తీయని మగ పిల్లను కోల్ట్ అంటారు. ఎదిగి, సంతతి కోసం వాడేది స్టాలియన్. గెల్డింగ్‌కు వయసుతో పని లేదు, ఏడాది పిల్ల అయినా ఇరవై ఏళ్ల ముసలిదైనా ఆ పేరే. స్టాలియన్ అన్న మాటలో ఉన్నది ‘స్టాల్’, అంటే కొట్టం. మందతో తిప్పకుండా కొట్టంలో విడిగా కట్టి ఉంచే గుర్రం కాబట్టి ఆ పేరొచ్చింది. ఆడవాటిలో చిన్నది ఫిల్లీ, పెద్దది మేర్.

జెల్డింగ్ అనాలా, గెల్డింగ్ అనాలా?

గెల్డింగ్. ఇంగ్లీషులో ‘జి’ అక్షరం తర్వాత ‘ఎ’ వస్తే చాలా మాటల్లో ‘జ’ పలుకుతుంది కాబట్టి ఈ తికమక. ఇది స్కాండినేవియా నుంచి వచ్చిన మాట కావడంతో ‘గ’ గట్టిగా నిలిచింది. గెట్, గివ్, గిఫ్ట్ అన్న మాటల్లో ‘గ’ పలకడానికీ ఆ ఉత్తరాది ప్రభావమే కారణం.

తెలుగులో ‘నపుంసక గుర్రం’ అని రాయవచ్చా?

రాయకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. నపుంసకత్వం అనగానే లోపమో రోగమో అన్న ధ్వని వస్తుంది. గెల్డింగ్ రోగిష్ఠి గుర్రం కాదు, మనిషి తన అవసరం కోసం అలా తయారు చేసుకున్న పనిగుర్రం. కోడెలకూ పొట్టేళ్లకూ మన రైతులు వాడే మాట ఉండనే ఉంది: విత్తులు కొట్టించడం. దాన్నే తీసుకుని ‘విత్తు కొట్టిన గుర్రం’ అంటే ఊళ్లో పెద్దవాళ్లకు కూడా అర్థమవుతుంది. రేసు వార్తల్లో అయితే గెల్డింగ్ అనే రాయండి, చదివేవాళ్లకు ఆ మాట అలవాటే.

పశువుల్లో ఎద్దు, ఆంబోతు అని వేరు వేరు మాటలున్నాయి. గుర్రానికి మనకెందుకు లేవు?

ఏ జంతువుతో రోజూ పని పడితే దాని తేడాలన్నిటికీ భాషలో మాటలు పుడతాయి. మన సేద్యం ఎడ్లతో సాగింది. అందుకే విత్తు కొట్టి నాగలికి కట్టేది ఎద్దు, అచ్చుపోసి వదిలేసింది ఆంబోతు, వయసులో ఉన్నది కోడె. గుర్రం మన పొలాల్లోకి రాలేదు. రాజుల దగ్గర, దండులో, పెద్ద జమీందార్ల ఇళ్లలో ఉండేది. దక్కన్‌కు మేలుజాతి గుర్రాలు చాలావరకు అరేబియా, పారశీక తీరాల నుంచి ఓడల్లో వచ్చేవి. కాబట్టి పొలంలో మాటలు తెలుగులో మిగిలాయి, గుర్రపు లాయం మాటలు చాలావరకు ఉర్దూ నుంచో ఇంగ్లీషు నుంచో వచ్చాయి.

## మాట పుట్టుక

గెల్డింగ్ అచ్చంగా ఇంగ్లీషు మాటేనా?

పుట్టుకతో కాదు. స్కాండినేవియా వాళ్ల పాత భాష నార్స్‌లో ‘గెల్డ్ర్’ అంటే గొడ్డు, ఈనని, ఫలించని అని అర్థం. దానినుంచి ‘గెల్డా’ అంటే విత్తు కొట్టడం. అలా కొట్టిన జంతువు ‘గెల్డింగ్ర్’. 9వ శతాబ్దం నుంచి డేన్లు (డెన్మార్క్ వాళ్లు), నార్వే వాళ్లు ఇంగ్లండు తూర్పు, ఉత్తర భాగాల్లో స్థిరపడి, అక్కడివాళ్లతో కలిసి సేద్యం చేశారు, పశువులు పెంచారు. ఆ ఇరుగుపొరుగు బతుకులోంచే ఈ మాట ఇంగ్లీషులోకి దిగింది. 14వ శతాబ్దం నాటికి రాతల్లో బాగా కనిపిస్తుంది. పాలు ఇవ్వని, ఈనని ఆవును ఉత్తర ఇంగ్లండు పల్లెల్లో ‘గెల్డ్’ అనేవారు, ‘గొడ్డు’ అన్న ఆ మొదటి అర్థం అక్కడ అలాగే నిలిచింది.

చివర ‘ఇంగ్’ ఉంది కదా, రన్నింగ్, ఈటింగ్ లాగా ఏదైనా పని జరుగుతోందని అర్థమా?

చాలామంది ఇలాగే అనుకుంటారు. ఇక్కడి ‘ఇంగ్’ వేరు. ‘ఆ రకానికి చెందినది’, ‘ఆ లక్షణం ఉన్నది’ అని చెప్పే పాత జర్మానిక్ ప్రత్యయం ఇది. నాలుగో వంతు విలువ గల నాణెం ఫార్దింగ్, అందులో ఉన్నదీ ఇదే. ఆ లెక్కన గెల్డింగ్ అంటే ‘గొడ్డుగా చేసినది’. అయితే ‘గెల్డ్’ అనే క్రియ కూడా ఇంగ్లీషులో ఉంది కాబట్టి, విత్తు కొట్టే పనిని కూడా గెల్డింగ్ అనే అంటారు. పైకి ఒకేలా కనిపించినా ఒకటి జంతువు పేరు, మరొకటి పని పేరు. వాక్యం చూసి పోల్చుకోవాలి.

ఈ మాట మొదటినుంచీ గుర్రానికే వాడేవారా?

లేదు, మనుషులకూ వాడేవారు. 14వ శతాబ్దం చివర జాన్ విక్లిఫ్ పేరుతో వచ్చిన ఇంగ్లీషు బైబిలు అనువాదంలో, ఇథియోపియా రాణి దగ్గర పనిచేసే ఉద్యోగిని ‘గెల్డింగ్’ అని రాశారు. ఇప్పటి తెలుగు బైబిలులో ఆ చోట ‘నపుంసకుడు’ అని ఉంటుంది. అదే కాలంలో ఇంగ్లీషు కవి చాసర్ ఒక పాత్రను ఎగతాళి చేస్తూ, వీడు గెల్డింగో మేరో అనుకుంటాను అన్నాడు. ఆ వాక్యంలో మేర్ పక్కనే ఉంది కాబట్టి గుర్రం అర్థం కూడా అప్పటికే జనానికి బాగా తెలుసన్నమాట. తర్వాత్తర్వాత మనిషికి ‘యూనక్’ అన్న గ్రీకు మాట స్థిరపడి, గెల్డింగ్ గుర్రానికే మిగిలింది.

డచ్చి భాషలో ‘గెల్డ్’ అంటే డబ్బు అంటారు. దీనికీ దానికీ సంబంధముందా?

లేదు. డబ్బు, చెల్లింపు అర్థమిచ్చే గెల్డ్ వేరే ధాతువు. వైకింగులకు కప్పంగా కట్టిన ‘డేన్‌గెల్డ్’లో ఉన్నది ఆ చెల్లింపు గెల్డే. రెండు చోట్లా డేన్లు ఉండటం వల్ల పొరపాటు పడటం సహజం.

## ఇతర భాషల్లో దీని పేర్లు

జర్మన్‌లో ‘వాలాఖ్’ అంటారు. అదెలా వచ్చింది?

నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. రుమేనియా దక్షిణాన వలేకియా అనే ప్రాంతం ఉంది. విత్తు కొట్టిన గుర్రాలు మధ్యయుగాల చివర్లో అటునుంచి జర్మన్ ప్రాంతాలకు వచ్చేవి. దాంతో ఊరి పేరే గుర్రానికి పేరైంది. స్వీడిష్, డేనిష్, పోలిష్, చెక్ భాషల్లోనూ ఆ పేరే కొంచెం మార్పుతో ఉంది.

ఆ వలేకియా అన్న పేరు వెనుక ఉన్నది పరాయివాడు అని అర్థమిచ్చే ఒక పాత జర్మానిక్ మాట. బ్రిటన్‌లోని వేల్స్ పేరు కూడా దానినుంచే వచ్చింది. అంటే జర్మన్ రైతు తన కొట్టంలోని గుర్రాన్ని రోజూ ‘పరాయి దేశపుది’ అని పిలుస్తున్నట్టే.

మరి ఫ్రెంచివాళ్లు?

వాళ్లు ‘ఓంగ్ర్’ అంటారు, హంగేరీది అని. వాళ్లకు ఆ అలవాటూ ఆ గుర్రాలూ హంగేరీ వైపు నుంచి వచ్చాయి. రష్యన్‌లో ‘మేరిన్’ అన్న మాట మంగోలు భాషలో గుర్రం అని అర్థమిచ్చే ‘మోరిన్’ నుంచి వచ్చింది. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఫ్రాన్సు వేలు హంగేరీ వైపు, జర్మనీ వేలు వలేకియా వైపు, రష్యా వేలు మంగోలియా వైపు చూపిస్తున్నాయి. పడమటి రాజ్యాలకు ఈ విద్య తూర్పు గడ్డి మైదానాల నుంచి వచ్చిందని ఆ పేర్లే చెబుతున్నాయి.

మంగోలులో ఏమంటారు?

మగది ‘అజ్రగ’, ఆడది ‘గూ’, విత్తు కొట్టినది ‘మోర్’ లేదా ‘అగ్త్’. గమనించవలసింది ‘మోర్’. గుర్రం అన్న జాతికంతటికీ అదే పేరు, విత్తు కొట్టినదానికీ అదే పేరు. అక్కడ మందకు ఒక్క మగ గుర్రాన్ని ఉంచి, మిగతా మగవాటిలో ఎక్కువ వాటికి విత్తు కొట్టిస్తారు, స్వారీకి వాడేది వాటినే. ఎక్కి తిరిగే గుర్రం అంటే వాళ్ల మనసులో మెదిలేది ఇదే కాబట్టి వేరే పేరు అక్కర్లేకపోయింది.

హైదరాబాదు ఉర్దూలో ‘ఆఖ్తా’, ‘ఖస్సీ’ అని రెండూ విన్నాను. ఏది సరైనది?

రెండూ సరైనవే. ‘ఆఖ్తా’ పారశీకం ద్వారా వచ్చింది, ఎక్కువగా గుర్రానికి వాడతారు. దానికీ మంగోలు ‘అగ్త్’కూ చుట్టరికం ఉందని చెప్పే భాషావేత్తలున్నారు. ‘ఖస్సీ’ అరబ్బీ మాట, తెలంగాణలో విత్తు కొట్టిన మేకపోతుకు మాంసం కొట్ల దగ్గర వినిపించేది ఇదే.

సంస్కృతంలో దీనికి మాట ఉందా? వేదకాలంలో తెలుసా?

తెలుసు. విత్తు కొట్టినదాన్ని ‘వధ్రి’ అన్నారు. ఋగ్వేదం మొదటి మండలం 32వ సూక్తంలో, ఇంద్రుడితో తలపడబోయిన వృత్రుణ్ని, వృషభానికి సాటి కావాలనుకున్న వధ్రితో పోల్చారు. ఇంకా ఆసక్తికరమైనది ఒక రాజు పేరు: వధ్ర్యశ్వుడు. ‘వధ్రి’, ‘అశ్వ’ కలిపితే విత్తు కొట్టిన గుర్రాలున్నవాడు అని. ఆరో మండలం 61వ సూక్తంలో సరస్వతి ఇతనికి దివోదాసుణ్ని కొడుకుగా ఇచ్చిందని ఉంది. ఒక రాజు ఆ పేరు పెట్టుకుని తిరిగాడంటే అలాంటి గుర్రాలు ఉండటం నామోషీ కాదని, బహుశా గొప్పేనని నేను అనుకుంటాను.

అశ్వమేధంలో వదిలే గుర్రం కూడా ఇలాంటిదేనా?

కాదు, అది తప్పనిసరిగా విత్తు కొట్టని మగ గుర్రమే. దానికి తోడుగా వంద ‘నిరష్ట’ గుర్రాలను పంపాలని శతపథ బ్రాహ్మణం చెబుతుంది. ఆ మాటకు సత్తువ ఉడిగినవని కొందరు, విత్తు కొట్టినవని కొందరు అర్థం చెబుతారు.

అసలు గుర్రాలకు విత్తు కొట్టడం ఎవరు మొదలుపెట్టారు?

ఒక మనిషి పేరో ఒక సంవత్సరమో చెప్పగలిగే సంగతి కాదు ఇది. రాతపూర్వకంగా దొరికేవాటిలో స్ట్రాబో అనే గ్రీకు రచయిత మాట ముఖ్యమైనది. గడ్డి మైదానాల్లో తిరిగే సిథియన్లు, సర్మేషియన్లు తమ గుర్రాలకు విత్తు కొడతారని, అవి చిన్నవైనా మహా వేగం, మొండితనం గలవి కాబట్టి లొంగడానికే అలా చేస్తారని ఆయన రాశాడు. ఆయనకంటే ముందు క్రీ.పూ. 4వ శతాబ్దంలో జెనొఫన్ అనే మరో గ్రీకు రచయిత, పొగరుమోతు గుర్రానికి విత్తు కొడితే కరవడం మానేస్తుంది గాని యుద్ధానికి పనికిరాకుండా పోదని అన్నాడు. రోమన్ల దగ్గర వర్రో అనే రచయిత ఇలాంటి గుర్రాన్ని ‘కాంతేరియుస్’ అంటారని, ప్రయాణాలకు నెమ్మదైన గుర్రం కావాలనుకునేవాళ్లకు ఇది తగినదని రాశాడు.

## కొనేవాళ్లకూ పెంచేవాళ్లకూ

స్వారీ నేర్చుకోవడానికి గెల్డింగే కొనమంటున్నారు. ఎందుకు?

నెలంతా ఒకేలా ఉంటుంది కాబట్టి. మేర్ ఎదకు వచ్చినప్పుడు చిరాకు పడవచ్చు. స్టాలియన్ పక్కన మేర్ కనిపిస్తే ఎక్కినవాళ్ల మాట వినడం కష్టం, దానికి అనుభవమున్న చెయ్యి కావాలి. గెల్డింగ్‌ను వేరే గుర్రాలతో కలిపి మేపవచ్చు, ఒకే కొట్టంలో కట్టవచ్చు. మందతో తిరిగే జంతువుకు తోడు దొరకడం చిన్న విషయం కాదు. ఒంటరిగా కట్టేసిన స్టాలియన్ కంటే పదిమందితో మేసే గెల్డింగ్ బతుకే మేలని నేను నమ్ముతాను.

ఏ వయసులో చేయించాలి?

సాధారణంగా ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు. రెండు వృషణాలూ కిందికి దిగి ఉండాలి, చాలా పిల్లల్లో పుట్టే సమయానికో, పుట్టిన పది రోజుల్లోపో దిగుతాయి. చిన్నప్పుడు చేయిస్తే గాయం చిన్నది, రక్తస్రావం తక్కువ. ఎముకల చివర్లు కొంచెం ఆలస్యంగా మూసుకుంటాయి కాబట్టి ఎత్తు కాస్త పెరుగుతుంది. పెద్దయ్యాక చేయించినా తప్పు లేదు గాని ప్రమాదం ఎక్కువ, పాత అలవాట్లు కొన్ని మిగిలిపోతాయి. మన వాతావరణంలో చలికాలం అనుకూలం. వానాకాలపు బురద, ఈగలు గాయానికి శత్రువులు.

ఎడ్లకు నొక్కినట్టే బర్డిజోతో నొక్కిస్తే సరిపోదా?

దయచేసి చేయించకండి. బర్డిజో కోడెలకు పనికొచ్చే పరికరం, గుర్రం శరీర నిర్మాణం వేరు. గుర్రానికి కావలసింది పశువైద్యుడు చేసే శస్త్రచికిత్స. మత్తు ఇచ్చి పడుకోబెట్టి గాని, మందకొడిగా చేసే మందు, ఆ చోట తిమ్మిరి ఇంజక్షను ఇచ్చి నిలబెట్టి గాని చేస్తారు. ఎమాస్క్యులేటర్ అనే పరికరం రక్తనాళాన్ని నలిపి, కత్తిరిస్తుంది. నలపడం వల్లే రక్తం ఆగుతుంది. చాలాసార్లు గాయాన్ని కుట్టకుండా వదిలేస్తారు. అది చూసి యజమానులు భయపడతారు, లోపలి నీరు కారిపోవడానికి అలా వదులుతారు.

చేయించాక ఎన్నాళ్లు జాగ్రత్తగా ఉండాలి?

మొదటి రోజు కదలకుండా విశ్రాంతి. ఆ తర్వాత రోజూ నడిపించాలి, ఇది అందరూ నిర్లక్ష్యం చేసే సంగతి. నడక లేకపోతే గాయం పైన మూసుకుని లోపల నీరు చేరి వాపు పెరుగుతుంది. మూడో రోజు నుంచి ఆరో రోజు వరకు కొంత వాపు మామూలే. టెటనస్ టీకా సంగతి ముందే చూసుకోవాలి, ధనుర్వాతానికి గుర్రమంత తేలిగ్గా లొంగే జంతువు పశువుల్లో లేదనే చెప్పాలి.

చుక్కలు చుక్కలుగా రక్తం పడితే కంగారు వద్దు. ధారగా కారుతుంటే, గాయంలోంచి పేగు గాని పొర గాని వేలాడుతుంటే, గుర్రం మేత మాని జ్వరంతో ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరును పిలవండి. పేగు బయటికి వస్తే ప్రాణాపాయం, అది చాలా అరుదే అయినా మొదటి గంటలే ముఖ్యం.

మర్నాడే మేర్ పక్కన కట్టవచ్చా?

వద్దు. నాళాల్లో మిగిలిన వీర్యకణాల వల్ల కొన్నాళ్లు చూలు కట్టే అవకాశం ఉంది. కనీసం నెల రోజులు విడిగా ఉంచండి, మీ డాక్టరు ఇంకా ఎక్కువ చెబితే ఆయన మాటే వినండి.

విత్తు కొట్టించినా స్టాలియన్‌లాగే మేర్ల వెంట పడుతోంది. మోసపోయామా?

రెండు అవకాశాలున్నాయి. ఒక వృషణం పొట్టలోనో గజ్జల్లోనో దిగకుండా ఉండిపోయి, కిందికి దిగిన ఒక్కటే తీసి ఉండవచ్చు. అలాంటి గుర్రాన్ని ‘రిగ్’ అంటారు. రక్తపరీక్షలో హార్మోను చూసి తేల్చవచ్చు, స్కానింగ్ కూడా ఉపయోగపడుతుంది. రెండో అవకాశం, రెండూ తీసేసినా ప్రవర్తన మిగిలిపోవడం. కొన్ని గెల్డింగులు చిన్నప్పుడే చేయించినా ఇలా ఉంటాయి, కాబట్టి చేసిన డాక్టరును అనుమానించే ముందు పరీక్ష చేయించండి. హార్మోను ఒకటి రెండు రోజుల్లోనే పడిపోయినా, స్వభావం నెమ్మదించడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

ఇది జంతుహింస కిందికి రాదా?

1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో 11వ సెక్షను, నిర్దేశించిన పద్ధతిలో చేసే విత్తు కొట్టడాన్ని హింస నుంచి మినహాయించింది. నిర్దేశించిన పద్ధతిలో అన్నది మరిచిపోవద్దు. కాళ్లు కట్టి పడేసి మత్తు లేకుండా కోసే నాటు పద్ధతిని ఏ కారణంతోనూ సమర్థించలేను.

## రేసుల్లో

రేసు కార్డులో గుర్రం పేరు పక్కన ‘జి’ అని ఉంటే గెల్డింగేనా?

అవును. దాని ముందు ఉండే అక్షరాలు రంగు చెబుతాయి. ‘బి జి’ అంటే బే రంగు (ఒళ్లు గోధుమ రంగు, జూలు నలుపు) గెల్డింగ్, ‘సిహెచ్ జి’ అంటే చెస్ట్‌నట్ రంగు (ఎర్రటి గోధుమ రంగు) గెల్డింగ్.

గెల్డింగ్ డెర్బీలో పరుగెత్తవచ్చా?

డెర్బీ అంటే మూడేళ్ల గుర్రాల పెద్ద పందెం, ఏ డెర్బీ అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇంగ్లండులోని ఎప్సమ్ డెర్బీలో చోటు లేదు. గెలిచిన గుర్రం ద్వారా మంచి సంతతి రావాలన్నది ఆ పందేల ఉద్దేశం, గెల్డింగ్ గెలిస్తే అది అక్కడితో ఆగిపోతుంది. అమెరికాలోని కెంటకీ డెర్బీలో పరుగెత్తవచ్చు. అక్కడ 1929లో క్లైడ్ వాన్ డ్యూసెన్ గెలిచాక, మళ్లీ ఒక గెల్డింగ్ గెలవడానికి 2003 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ గుర్రం ఫన్నీ సైడ్. 2009లో మైన్ దట్ బర్డ్ గెలిచింది.

విత్తు కొడితే వేగం, పౌరుషం తగ్గవా?

తగ్గుతాయనుకునేవాళ్లకు కొన్ని పేర్లు చెబుతాను. న్యూజీలాండులో పుట్టి ఆస్ట్రేలియా ఆరాధించిన ఫార్ ల్యాప్ గెల్డింగే, 1930లో మెల్బోర్న్ కప్ గెలిచింది. కెల్సో 1960 నుంచి 1964 దాకా వరసగా ఐదేళ్లు అమెరికాలో ఆ ఏటి మేటి గుర్రంగా నిలిచింది. కొండంత అడ్డంకులు దూకే గ్రాండ్ నేషనల్‌ను రెడ్ రమ్ 1973, 1974, 1977లో మూడుసార్లు గెలిచింది.

ఇక జాన్ హెన్రీ. 1975లో పుట్టిన ఈ గుర్రానికి కోపం మహా ఎక్కువ, అందుకే విత్తు కొట్టించారు. 83 పందేల్లో 39 గెలిచి, 1981లోనూ మళ్లీ 1984లో తొమ్మిదేళ్ల వయసులోనూ మేటి గుర్రమైంది. స్టాలియన్ అయి ఉంటే ఆ వయసుకు ఎప్పుడో పందేలు మాన్పించి సంతతి కోసం పంపేసేవారు. గెల్డింగులకు ఆ పిలుపు ఉండదు, ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం పరుగెత్తుతాయి. జనం వాటితో ఏళ్ల తరబడి అనుబంధం పెంచుకోవడానికి కారణం అదే.

హాంకాంగ్‌లో దాదాపు అన్నీ గెల్డింగులే కనిపిస్తాయి. ఎందుకు?

అక్కడ గుర్రాల పెంపకం లేదు, అన్నీ బయటినుంచి కొనుక్కున్నవే. సంతతి తీసే ఆలోచన లేనప్పుడు స్టాలియన్‌తో పని లేదు. ఇరుకు నగరంలో వందల గుర్రాలను పక్కపక్క కొట్టాల్లో కట్టాలి కూడా. గోల్డెన్ సిక్స్‌టీ, రొమాంటిక్ వారియర్ లాంటి అక్కడి దిగ్గజాలన్నీ గెల్డింగులే.